కుంటలో అల్లుడు

కపోలోండో ఊరు,
మే నెల, మొక్కజొన్న కోతలయ్యాక.

చేపల ఆఫీసు అయ్యగారికి ఎక్సిల్దా కలూబా మోకాళ్ల మీద కూర్చుని నమస్కరించి రాసుకునేది.

ముందుగా నా అక్షరదోషాలను, కోడి గెలికినట్టుండే నా దస్తూరిని క్షమించండి. నేను నాలుగో తరగతి దాకానే చదివాను. ఐదో తరగతి ఏటికి అవతలి ఊళ్లో ఉండేది, ఏట్లో ఎప్పుడూ నీళ్లుండేవి. మీరు మా కుంటకు చేపపిల్లలు ఇవ్వడానికి వచ్చినప్పుడు నేను తలుపు చాటున నిలబడ్డాను. మీకు కనబడి ఉండను. తలుపు కింద కనబడిన పాదాలు నావే.

చేపలు క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను. ఒక సందేహం అడగడానికి రాస్తున్నాను. కుంటలో చేపలతో పాటు ఒక మనిషి కూడా పొద్దున్నుంచి ఎండ నడినెత్తికి వచ్చేదాకా కూర్చుంటే చేపలకు కీడు జరుగుతుందా? మనిషికి జరిగే కీడు నాకు తెలుసు, రోజూ వేరుశనగ నూనె రాస్తున్నాను. చేపల సంగతే తెలియదు. ఆ మనిషి మంచివాడు. ఈదడు, సబ్బు రుద్దుకోడు, చేపలను పట్టుకోడు. కుంట మూలన పేడ, గడ్డి వేసే దడి ఉంది కదా, దాని పక్కన ముక్కు మాత్రం పైకి పెట్టి కూర్చుంటాడు. ఇంతకన్నా వివరంగా రాయడం ఆడదానిగా నాకు తగదు.

ఈ కుంట మీద మా సంసారం ఆధారపడి ఉంది. చేపలు అరచేతి అంత అయ్యాక అల్లుణ్ణి ఇంట్లోకి పిలిచే విందు చేస్తానని మా అమ్మ మాట ఇచ్చింది. ఈ కుంట తవ్వింది మా ఆయనే. ఆ విందు కోసమే మా ఊళ్లో ఉంటున్నాడు. ఇంకోసారి వాయిదా పడితే ముఫులిరా రాగి గనికి తిరిగి వెళ్లిపోతానంటున్నాడు. అందుకని చేపలకు ఏమీ కాకూడదు.

చదివిన వెంటనే ఈ ఉత్తరం కాల్చేయండి.

తలవంచి,
ఎక్సిల్దా

తా.క.: చేపలు ఆ మనిషి కాలి బొటనవేలు కొరుకుతున్నాయి. దాన్ని మేత కింద రాయాలా వద్దా అన్నది మీరిచ్చిన సూచనల కార్డులో లేదు.

*

మత్స్య సహాయాధికారి కార్యాలయం,
ములోంబా బోమా (జిల్లా కేంద్రం),
జూన్ నెల.

శ్రీమతి ఎక్సిల్దా కలూబా గారికి,
విషయం: కుంటలో మనిషి.

మీ ఉత్తరం అందింది. ప్రభుత్వ కార్యాలయానికి వచ్చిన ఉత్తరాన్ని కాల్చే అధికారం నాకు లేదు. దానికి నంబరు వేసి, ఒక నకలు ఫైలులోనూ, ఇంకొకటి ప్రజల సౌకర్యార్థం నోటీసు బోర్డు మీదా పెట్టించాను. మీ ఊరి బస్సు డ్రైవరు దాన్ని చదువు రానివాళ్లందరికీ చదివి వినిపించాడని మా గుమస్తా చెప్పాడు. ప్రజల్లో ఇంత ఆసక్తి ఇదివరకు చూడలేదు.

నేను మన దేశంలోనే పడమటి సీమ వాణ్ణి. జాంబెజీ నది వరద నీళ్ల మధ్య పుట్టాను. చేపల దొంగలను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. నా అనుభవంలో నిజాయితీపరుడు నీళ్లలో దిగితే తల మొత్తం పైకి పెడతాడు. ముక్కు మాత్రమే పెట్టేవాడు దొంగ. వచ్చే వారం తనిఖీకి వస్తున్నాను. అపరిచితుడు కనబడితే మీ కుంటను పథకం నుంచి తొలగించి, చేపలను ప్రభుత్వం తరఫున స్వాధీనం చేసుకోవలసి వస్తుంది.

భవదీయుడు,
లికాండో సిటాలి

తా.క.: బొటనవేలు మేత కాదు.

ఇంకో తా.క.: మీ దస్తూరి మా పైఅధికారి దస్తూరి కన్నా నయం. ఈ వాక్యాన్ని మాత్రం ఫైలు నకలులో రాయించలేదు.

*

కపోలోండో,
జూన్ నెల, మీరు వచ్చి వెళ్లిన మర్నాడు.

అయ్యగారికి నమస్కారాలు.

అక్షరదోషాలు క్షమించండి. నేను బయటికి వచ్చి మీతో మాట్లాడలేదు. వంటపాక వెనక నుంచి అంతా విన్నాను. ఊరివాళ్లు మిమ్మల్ని ఎగతాళి చేశారని మీకు కోపం వచ్చి ఉంటుంది. ఎవరూ ఎగతాళి చేయలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, మీరే చూడండి.

మీరు వచ్చేసరికి మా అమ్మ తవుడు బేసిన్ పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుని ఉంది. రోజూ అక్కడే కూర్చుంటుంది. మీరు వేలు చూపించి, "అమ్మా, ఆ దడి పక్కన ఎవరో ఉన్నారు" అన్నారు.

"ఎక్కడ నాయనా?"

"అదిగో, ముక్కు."

"అది కప్ప."

"కప్పకు మీసాలుంటాయా?"

"ఈ ఏడు వానలు బాగా పడ్డాయి కదా," అంది మా అమ్మ, చేపలకు ఇంకో గుప్పెడు తవుడు వేస్తూ.

మీరు ఊరిపెద్ద ముకుపా తాతను పిలిపించారు. ఆయన వచ్చి కుంటకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"తాతా, నీళ్లలో మనిషి ఉన్నాడా లేడా?"

"నాకేమీ కనబడటం లేదు బాబూ."

"ఇటు తిరిగి చూడండి."

"తిరిగితే కనబడుతుంది కదయ్యా. అందుకే తిరగటం లేదు."

అప్పుడు ముక్కు తుమ్మింది. మీరు ఒక అడుగు వెనక్కి వేశారు. మా అమ్మ మాత్రం కదలకుండా వంటపాక వైపు కేకేసింది: "ఎక్సిల్దా, చేపలకు జలుబు చేసింది. రేపటి నుంచి తవుడు వెచ్చచేసి ఇవ్వు." మీరు అది కూడా పుస్తకంలో రాసుకున్నారు.

అయ్యా, ఆయన దొంగ కాదు. గౌరవం కోసం అక్కడ కూర్చుంటున్నాడు. గౌరవమే తప్ప ఇంకేమీ లేదు. దయచేసి కుంటను తీసుకుపోకండి. చేపలు పోతే విందు పోతుంది, విందు పోతే మా ఆయన పోతాడు. ఆయన వెళ్లిపోతే మళ్లీ ఇలాంటి మనిషి నాకు దొరకడు. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. మీతో అంటున్నందుకు సిగ్గుగా ఉంది.

ఇదైనా కాల్చండి. బోర్డు మీద పెట్టకండి. మొన్నటి ఉత్తరం తర్వాత బస్సు డ్రైవరు నన్ను చూసినప్పుడల్లా హారను మోగించి ముక్కు మీద వేలు పెట్టుకుంటున్నాడు.

తలవంచి,
ఎక్సిల్దా

తా.క.: మా అమ్మ ఇచ్చిన గుమ్మడికాయ తీసుకోకుండా వెళ్లిపోయారు. ఆమె నొచ్చుకుంది. అది మాత్రం ఊళ్లో అందరికీ కనబడింది.

*

మత్స్య సహాయాధికారి కార్యాలయం,
ములోంబా బోమా,
జూన్ చివర.

శ్రీమతి ఎక్సిల్దా గారికి,
విషయం: మానవ సాన్నిధ్య పద్ధతి.

మీ ఉత్తరం చదివాక నేను ఎంత పొరబడ్డానో అర్థమైంది. చేపలను గౌరవించాలన్న ఆలోచన మా శిక్షణలో ఎక్కడా చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

తనిఖీనాడు మీ తిలాపియా చేపలను కొలిచాను. జిల్లాలో ఏ కుంటలోనూ అంత బలిసిన చేపలు లేవు. మట్టి అదే, నీళ్లు అవే, చేపపిల్లలు కూడా నేను ఒకే డ్రమ్ములో తెచ్చి పంచినవే. తేడా అల్లా ఒక్కటే: మీ కుంటలో మనిషి ఉన్నాడు, మిగతా కుంటల్లో లేడు. గౌరవం పొందిన చేప ఆకలిగా తింటుందని నా అభిప్రాయం. పైకి రాశాను. పైవాళ్లు సంతోషించారు. ఈ పద్ధతికి పైన చెప్పిన పేరు పెట్టింది వాళ్లే.

కాబట్టి ఆగస్టులో విదేశీ అతిథులు చూసి వెళ్లేదాకా మీ కుంట ప్రయోగశాల. అప్పటిదాకా ఒక్క చేపను కూడా తీయరాదు. మనిషిని కూడా తీయరాదు. పరికరాల పట్టీలో ఆయన్ను చేర్చాం, వలకు కింద, తట్టకు పైన.

అభినందనలతో,
లికాండో సిటాలి

తా.క.: మిగతా ఊళ్ల కుంటలకు కూడా తలా ఒక మనిషిని సమకూర్చుకోమని ఆదేశాలు వెళ్లాయి. పొట్టివాళ్లు పనికొస్తారా అని అడుగుతున్నారు. మీ అనుభవం తెలపగలరు.

*

కపోలోండో,
జూలై నెల, మంచు పడుతోంది.

అయ్యగారికి,

అక్షరదోషాలు మన్నించండి. ఈసారి తప్పులకన్నా కన్నీళ్లు ఎక్కువ ఉన్నాయి, సిరా అలుక్కుపోయింది.

పొట్టివాళ్ల సంగతి నాకు తెలియదు. చిటింది ఊళ్లో మాత్రం మీ ఆదేశం చూసి బడి పంతులుగారిని కుంటలో కూర్చోబెట్టారట. ఆయన నీళ్లలోంచే ఎక్కాలు చెబుతున్నాడు, పిల్లలు గట్టు మీద వరసగా కూర్చుంటున్నారు. బడికి ఎప్పుడూ రానివాళ్లు కూడా వస్తున్నారట.

నేను అసలు సంగతి దాచి తప్పు చేశాను. నా నోటితో చెప్పలేను కాబట్టి నా చేత్తో రాస్తున్నాను. కుంటలో ఉన్నది మా ఆయన. పేరు చిసెంగా. మా వాళ్లలో, విందు పెట్టి ఇంట్లోకి పిలిచేదాకా అల్లుడు అత్తగారి ముఖం చూడకూడదు, ఆమె కంట పడకూడదు. దారిలో ఆమె ఎదురైతే పొదల్లోకి తప్పుకోవాలి. మీకు పెళ్లి కాలేదు, మీది పడమటి సీమ, మీకు తెలియకపోవడంలో వింత లేదు. ఒకరోజు ఆయన కుంట గట్టున గడ్డి కోస్తుంటే మా అమ్మ తవుడు బేసిన్‌తో వచ్చేసింది. అక్కడ పొద లేదు. మీ కార్డులో గట్టు మీద పొదలు కొట్టేయమని ఉంది, ఆయనే కొట్టేశాడు. అందుకని నీళ్లలోకి జారాడు. ఆమె లేచి వెళ్లాక బయటికి రావాలనుకున్నాడు. ఆమె లేవలేదు. రోజూ అదే వేళకు వస్తుంది, ఆయన గడ్డి కోసేదీ అదే వేళ.

చేపలు లావెక్కింది గౌరవం వల్ల కాదయ్యా. మా అమ్మ గట్టు మీద కూర్చుని చేపలతో మాట్లాడుతుంది. ఊరికే కూర్చుంటే బాగుండదు కదా, మాట్లాడినంతసేపూ తవుడు వేస్తూనే ఉంటుంది.

"చేపలూ, నిన్న తెచ్చిన కట్టెలు పచ్చివి. పొగకు నా కళ్లు పోతున్నాయి," అంటుంది. మర్నాడు మా గుమ్మం ముందు ఎండు కట్టెలు ఉంటాయి.

"చేపలూ, మా పిల్ల కర్రపెండలం ఆకు కూరలో ఉప్పు ఎక్కువ వేస్తుంది. కొంచెం ఓర్చుకోండి. వాళ్ల నాన్న ఓర్చుకోలేదూ?" అంటుంది. ఆ రోజు మా ఆయన నా కూర తిని నవ్వాడు. ఎందుకు నవ్వాడో చెప్పలేదు.

మా అమ్మకు తెలుసో తెలియదో నాకు తెలియదు. అడగలేను. అడిగితే తెలిసినట్టవుతుంది, తెలిస్తే ఊళ్లో తలెత్తుకోలేం.

ఇప్పుడు మీరు చేప తీయొద్దన్నారు కాబట్టి విందు ఆగిపోయింది. తెల్లారేసరికి గడ్డి మీద మంచు తెల్లగా ఉంటోంది. నిన్న సాయంత్రం ఆయన పళ్లు కొట్టుకుంటూ అన్నాడు, "గనిలో చీకటైనా వెచ్చగా ఉంటుంది ఎక్సిల్దా. అక్కడ నన్నెవరూ కప్ప అనరు. తట్టకు పైన రాయరు." పెట్టె సర్దుకున్నాడు. పండక్కి కొన్న చొక్కా అన్నిటికన్నా అడుగున పెట్టాడు. అడుగున పెట్టాడంటే తిరిగి వచ్చే ఆలోచన లేదని నాకు భయం.

మీ ప్రయోగం మానుకోండి. కుంట కోతకు అనుమతి ఇవ్వండి. ఈ ఉత్తరం తప్పకుండా కాల్చండి.

ఎక్సిల్దా

తా.క.: నేను ఉప్పు ఎక్కువ వేయను. మా అమ్మ నాలుక అలాంటిది.

*

మత్స్య సహాయాధికారి కార్యాలయం,
ములోంబా బోమా,
జూలై చివర.

ఎక్సిల్దా గారికి,
విషయం: సవరణ.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మానవ సాన్నిధ్యం మీద అప్పటికే కరపత్రాలు అచ్చయి ఉన్నాయి. ముఖచిత్రం మీద ముక్కు ఉంది.

అయినా సత్యం సత్యమే. మీ వివరణ ప్రకారం చేపలు పెరిగింది మనిషి వల్ల కాదు, అత్తగారి వల్ల. ఆ మేరకు ఆదేశాలు సవరించి పంపాను. ఇకపై ప్రతి కుంటకూ గట్టు మీద ఒక అత్తగారిని ఏర్పాటు చేసుకోవాలి. అత్తగారు లేని ఊళ్లు పక్క ఊరి నుంచి వంతుల వారీగా పిలిపించుకోవచ్చు.

మీ కుంట కోతకు అనుమతి ఇస్తున్నాను. అతిథులు వచ్చే రోజే తూము తీద్దాం. చేపలన్నీ మీవే. చిసెంగా గారిని పెట్టె విప్పమనండి. అప్పటిదాకా ఆయన వెచ్చగా ఉండేందుకు ఏదైనా పంపుదామని వెతికాను. మా స్టోరులో ఉన్నవన్నీ వలలే.

భవదీయుడు,
లికాండో సిటాలి

తా.క.: ఇది ఆఫీసు విషయం కాదు. చిటింది ఊరి పిల్లతో నాకు పెళ్లి కుదిరింది. మీరు రాసిన ఆ గౌరవం సంగతి ప్రభుత్వోద్యోగులకు కూడా వర్తిస్తుందా?

*

కపోలోండో,
ఆగస్టు చివర.

అయ్యగారికి నమస్కారాలు.

అక్షరదోషాల సంగతి ఈసారి ఎత్తను. మీకు అలవాటయ్యే ఉంటాయి.

మీరు ఆ రోజు అతిథుల వెంట జీపు దగ్గరికి పరుగెత్తారు కాబట్టి చివరిదాకా చూడలేదు. చూడాల్సింది. మీరు తూము తీయమన్నారు. తీసేశాక గానీ ఎవరికీ గుర్తు రాలేదు. మా అమ్మ గట్టు మీద ఉంది. మా ఆయన కుంటలో ఉన్నాడు. నీళ్లు బయటికి పోతున్నాయి.

ముందు గడ్డం బయటపడింది. తర్వాత మెడ. ఊరంతా ఆకాశం వైపు చూడటం మొదలుపెట్టింది. ముకుపా తాత ఒక గద్ద గురించి చెప్పాడు, అందరూ ఆ గద్దను చూశారు. అక్కడ గద్ద లేదు. మీ అతిథులు కూడా పాపం పైకి చూసి ఫొటో తీశారు. భుజాలు బయటపడ్డాయి. మా ఆయన ఉన్న కొద్ది నీళ్లలో ఇంకా ఇంకా కిందికి వంగుతున్నాడు. చేపలు ఆయన వీపు మీద కొట్టుకుంటున్నాయి.

నేను అప్పటిదాకా వంటపాక వెనకే ఉన్నాను. ఎలా వచ్చానో తెలియదు. జనం మధ్య నుంచి పరుగెత్తి, నా పైగుడ్డ విప్పి, బురదలోకి దిగి ఆయనకూ మా అమ్మకూ మధ్య దాన్ని చాపి పట్టుకున్నాను. ఊరంతా చూసింది. నన్ను ఇంతమంది చూడటం పెళ్లినాడు కూడా జరగలేదు, అప్పుడు ముసుగు ఉంది.

మా అమ్మ లేచింది. బేసిన్ బోర్లించి దులిపింది. నాతో అంది, "ఎన్నాళ్లు పట్టుకుంటావు, చేతులు నొప్పి పుట్టవూ? దించు."

"అమ్మా, విందు కాలేదు కదా."

"పొద్దున్నే వండి పెట్టాను. పాక వెనకే ఉన్నావు, నీ పక్కనే మూడు కోళ్లు ఉడుకుతుంటే చూడలేదా? ఎంతసేపూ వాళ్లనూ వీళ్లనూ చాటునుంచి చూడటమే."

నేను గుడ్డ దించాను. ఆమె మా ఆయన ముఖంలోకి చూసి మొదటిసారి మాట్లాడింది. "అల్లుడూ, సంకటి చల్లారుతోంది. పైకి రా."

ఆయన రాలేకపోయాడు. కాళ్లు తిమ్మిరెక్కాయి. మా అమ్మే చెయ్యి అందించి లాగింది.

మొదటి చేప అరచేతి కన్నా పెద్దది. దాన్ని ఆయన తిన్నాడు. పండగ చొక్కా పెట్టె అడుగునుంచి తీసి తొడుక్కుని తిన్నాడు. తర్వాత మా అమ్మ, ఆయన చాప మీద ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరికీ ఒక్క మాట దొరకలేదు. మర్నాడూ అంతే. మూడో రోజు పొద్దున కొత్త నీళ్లు పెట్టిన కుంట దగ్గర ఇద్దరూ చెరో గట్టు మీద కూర్చుని ఉన్నారు. మా అమ్మ, "చేపలూ, పైకప్పు గడ్డి మార్చాలి," అంటోంది. కుంటలో ఇంకా చేపలు లేవు. మా ఆయన అవతలి గట్టు నుంచి, "చేపలు వచ్చే వారం మారుస్తాయి," అంటున్నాడు. వాళ్లకు అలా బాగుంది.

మీరు అడిగిన దానికి జవాబు మా అమ్మను అడిగి రాస్తున్నాను. వర్తిస్తుందట. ప్రభుత్వోద్యోగులకు ఇంకొంచెం ఎక్కువట.

ఈ ఉత్తరం కాల్చనక్కరలేదు. కావాలంటే బోర్డు మీద పెట్టుకోండి. డ్రైవరు ఈ చివరి ముక్క కూడా చదవాలి.

ఎక్సిల్దా కలూబా

తా.క.: ఆ గుమ్మడికాయ ఇంకా మీ కోసం ఉంచాం. చెడిపోలేదు గానీ ఒక మేక దానితో స్నేహం చేసింది.

*

చిటింది ఊరు,
అక్టోబరు నెల.

ఎక్సిల్దా గారికి,

ముందుగా నా అక్షరదోషాలను, దస్తూరిని క్షమించండి. కాగితం తల మీద పెట్టుకుని రాస్తున్నాను. అక్కడక్కడ సిరా అలుక్కుపోతే అది కన్నీళ్లు కాదు, కుంట నీళ్లు. కొంత మాత్రం కన్నీళ్లే.

పెళ్లయి పది పొద్దులు కూడా కాలేదు. ఈ కుంట గట్టు మీద పొదలు లేవు. కొట్టేయించింది నేనే. అత్తగారు తవుడు బేసిన్‌తో పొద్దున్నే వచ్చారు. ఆమెను ఇక్కడ కూర్చోమని ఆదేశం ఇచ్చింది కూడా నేనే. అత్తగార్లు లేవకుండా ఎంతసేపు కూర్చోవాలో సవరణలో రాశాను. ఎక్కువ రాశాను.

బడి పంతులుగారు ఇంకా నా పక్కనే నీళ్లలో ఉన్నారు. మొదటి ఆదేశం రద్దయిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, నాకూ చెప్పే ముఖం లేదు. పదమూడో ఎక్కం నడుస్తోంది. పిల్లల కన్నా ముందు నన్ను అప్పజెప్పమంటున్నారు.

చిసెంగా గారిని ఒక మాట అడిగి రాయండి. తుమ్ము వస్తే ఏం చేయాలి? నూనె ముందు రాయాలా, తర్వాతా? విందు ఎంత దూరంలో ఉందో అత్తగారి మాటల్లో పసిగట్టడం ఎలా? ఆయన పేరు పరికరాల పట్టీలోంచి నిన్ననే కొట్టేయించాను. ఆ ఖాళీలో ఎవరి పేరు రాయాలో మా గుమస్తా అడగకుండానే రాసుకున్నాడు.

చదివిన వెంటనే ఈ ఉత్తరం కాల్చేయండి. దీనికి నంబరు లేదు, నకలు లేదు.

తలవంచి (వంచితే మునుగుతాను, అయినా),
లికాండో సిటాలి

తా.క.: దీన్ని పోస్టులో ఎలా వేయాలా అని ఆలోచిస్తుంటే మా అత్తగారు ఇప్పుడే చేపలతో అన్నారు: "ఉత్తరం తడవకుండా ఆ రాయి మీద పెట్టండి చేపలూ. నేను ఎలాగూ బోమాకు వెళ్తున్నాను. తపాలా బిళ్ల నేనే అంటిస్తాను."